ఎడిన్‌బరోకి ‘ఆల్డ్ రీకీ’ అన్న పేరు కంపు వల్ల వచ్చిందా?

మీరు ముఖ్యంగా అడిగినవి రెండు. ఎడిన్‌బరో చూడ్డానికి వెళ్తే అక్కడి గైడ్ ‘ఆల్డ్ రీకీ’ అంటే ‘పాత కంపు ఊరు’ అన్నాడు, పూర్వం కిటికీల్లోంచి మురికి వీధిలోకి కుమ్మరించేవాళ్ళు కాబట్టి ఆ పేరొచ్చిందన్నాడు, నిజమేనా అన్నది ఒకటి. గాలి బాగుపడి ఇన్నేళ్ళయినా ఆ ఊరికి ఆ పేరు, లండన్‌కి ‘బిగ్ స్మోక్’ అనే పేరు ఇంకా ఎందుకు నిలిచి ఉన్నాయి, ఇలాంటివి అసలు ఎలా పుడతాయి అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు చిన్నది. గైడ్ చెప్పింది తప్పు. మురికి కుమ్మరించడం నిజమే. ‘గార్డీ లూ’ అని ఒక కేక వేసి పై అంతస్తుల నుంచి కుండలు వంచేసేవాళ్ళు. కింద నడిచేవాడి అదృష్టం ఎలా ఉంటే అలా. కానీ పేరు దానివల్ల రాలేదు. ఈకాలం ఇంగ్లీషులో ‘రీక్’ అంటే కంపు కొట్టడం. స్కాట్లండ్ వాళ్ళ స్కాట్స్ భాషలో ‘రీక్’ అంటే పొగ. అంతే తేడా. ‘ఆల్డ్ రీకీ’ని మన భాషలోకి తేవాలంటే ‘పొగల ముసలమ్మ’ అనొచ్చు. ఆ ‘ఆల్డ్’లో వయసు కన్నా చనువు ఎక్కువ. మనం సొంత ఊరి గురించి చెప్తూ ‘మా ముసల్ది’ అన్నట్టు.

రెండో ప్రశ్నకి కొంచెం పెద్ద జవాబే కావాలి. నేను భాషా పండితుణ్ణి కాను. ఇరవయ్యారేళ్ళు థర్మల్ పవర్ ప్లాంట్లలో చిమ్నీలెక్కి, అందులోంచి ఏం పోతోందో కొలిచే ఉద్యోగం చేశాను. పుట్టింది ఇల్లందులో. రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గర స్కాట్లండ్‌లో రెండు చలికాలాలు గడిపాను. కాబట్టి పొగ గురించి మాట్లాడ్డానికి నాకు కొంత హక్కుందనుకుంటాను.

ఎడిన్‌బరో పాత ఊరు ఒక వెన్నుగట్టు మీద ఉంటుంది. పైన కోట, కింద హోలీరూడ్ రాజభవనం, మధ్యలో చేపముల్లులా ఒకటే పెద్ద వీధి, దానికి అటూ ఇటూ సందులు. ఊరు పక్కలకి పెరగడానికి చోటు లేక పైకి పెరిగింది. పది అంతస్తుల దాకా లేచిన రాతి ఇళ్ళు ఆ రోజుల్లోనే ఉండేవి. ఒక్కో ఇంట్లో బోలెడు కుటుంబాలు, ఒక్కో కుటుంబానికి ఒక పొయ్యి, ఒక్కో పొయ్యికి ఒక పొగగొట్టం. కట్టెల కన్నా బొగ్గు చవక, ఎందుకంటే చుట్టుపక్కల లోథియన్ ప్రాంతమంతా బొగ్గు నేలే. 1435లో స్కాట్లండ్ వచ్చిన ఒక ఇటలీ దూత (తర్వాత రెండో పయస్ పేరుతో పోప్ అయ్యాడు) ఒక వింత రాసుకున్నాడు. అక్కడ చర్చి గుమ్మం దగ్గర బిచ్చగాళ్ళకి రాళ్ళు దానం చేస్తున్నారట, వాళ్ళు సంతోషంగా పట్టుకుపోతున్నారట. ఆ రాళ్ళు బొగ్గులు.

ఇప్పుడు ఆ వెన్నుగట్టు మీద సాయంత్రం ఏం జరుగుతుందో ఊహించండి. వందల పొయ్యిలు ఒకేసారి రాజుకుంటాయి. చలికాలం సాయంత్రాల్లో నేల త్వరగా చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి బరువెక్కి కిందే ఉండిపోతుంది, దాని పైన కొంచెం వెచ్చటి పొర కప్పులా పరుచుకుంటుంది. పొగ కొంత ఎత్తు లేచి ఆ పొరకి తగిలి ఆగిపోతుంది. మా వృత్తిలో దీన్ని ఇన్‌వర్షన్ అంటాం. మామూలుగా పైకి పోయేకొద్దీ గాలి చల్లబడాలి, ఇక్కడ తలకిందులు. ఊళ్ళో ఉన్నవాడికి కళ్ళు మండుతాయి, దగ్గొస్తుంది, అంతకు మించి ఏమీ కనపడదు. దూరం నుంచి చూసేవాడికి మాత్రం ఊరి నెత్తిన ఒక నల్ల టోపీ కనపడుతుంది.

ఆ టోపీ మాట నేను కల్పించింది కాదు. 19వ శతాబ్దంలో రాబర్ట్ ఛాంబర్స్ అనే ఎడిన్‌బరో పెద్దమనిషి రాసిపెట్టిన ఐతిహ్యం ఒకటుంది. ఫోర్త్ ఉప్పుటేరుకి అవతలి ఒడ్డున, ఫైఫ్ జిల్లాలో లార్గో అనే చోట డరమ్ అనే ఇంటిపేరు గల ఒక పెద్దాయన, రెండో చార్లెస్ రాజు కాలంలో, సాయంత్రం ప్రార్థనకి వేళయిందో లేదో ఎడిన్‌బరో పొగ చూసి చెప్పేవాడట. అక్కడ రాత్రి వంటలకి పొయ్యిలు రాజేసి పొగ దట్టం కాగానే, ‘పిల్లలూ, ఇక పుస్తకాలు తీసి ప్రార్థన చేసుకుని పడుకుందాం, అదుగో ఆల్డ్ రీకీ నిద్రటోపీ పెట్టుకుంటోంది’ అనేవాడట. పేరు పుట్టాక దానికో కథ అల్లడం ఏ ఊళ్ళోనైనా జరిగేదే కాబట్టి, పేరు సరిగ్గా ఆ నోటి నుంచే పుట్టిందని నేను ఒట్టు వెయ్యను. 1773లో రాబర్ట్ ఫెర్గూసన్ అనే కుర్ర కవి తన పద్యానికి ఆ పేరే పెట్టాడు కాబట్టి అప్పటికే అది ఊరందరి నోట్లో ఉందన్నది ఖాయం. కథలో నన్ను పట్టుకున్నది వేరే విషయం. చూసినవాడు నీళ్ళకి అవతల ఉన్నాడు.

ఇది నాకు చిన్నప్పుడే అర్థమవ్వాల్సింది. మా ఇల్లందులో సాయంత్రం అయ్యేసరికి ఇంటి ముందర బొగ్గు కుంపట్లు ముట్టించేవాళ్ళు. ముట్టించిన మొదటి పావుగంట వీధి వీధంతా పొగ. మాకది పొగ అని కూడా తెలియదు, సాయంత్రం అంటే అలాగే ఉంటుందనుకునేవాళ్ళం. ఖమ్మం నుంచి మా మేనత్త వచ్చినప్పుడు మాత్రం చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ‘మీ బట్టలన్నీ బొగ్గుపొగ వాసనరా’ అనేది. మా చుట్టుపక్కల పల్లెలవాళ్ళు ఇల్లందుకి పోతూ ‘బొగ్గుట్టకు పోతున్న’ అంటారు. అక్కడి బొగ్గుని 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కనిపెట్టాడు. బొగ్గుట్ట అన్నది పొగని బట్టి కాదు, బొగ్గుని బట్టి వచ్చిన మాటే అనుకోండి.

లండన్ సంగతీ అంతే. అక్కడికి బొగ్గు న్యూకాసిల్ నుంచి పడవల్లో సముద్రం మీద వచ్చేది కాబట్టి ‘సముద్రపు బొగ్గు’ అనేవాళ్ళు. దాని పొగ భరించలేక మొదటి ఎడ్వర్డ్ రాజు 14వ శతాబ్దం మొదట్లోనే నిషేధం చాటించాడు, ఎవరూ లెక్కచెయ్యలేదు. 1661లో జాన్ ఎవెలిన్ ఏకంగా రాజుగారికే పొగ మీద ఒక పుస్తకం రాసి సమర్పించాడు. రాజుగారు మెచ్చుకున్నారు, పొగ మాత్రం ఎక్కడిది అక్కడే. 1864 నాటి ఒక యాస మాటల నిఘంటువులో ‘స్మోక్’ అంటే లండన్ అని ఉంది. పల్లెల వాళ్ళు లండన్‌కి బయల్దేరుతూ ‘పొగకి పోతున్నాం’ అంటారని, లండన్ వాళ్ళు ఊరి బయటికి పోతూ ‘పొగ నుంచి బయటపడుతున్నాం’ అంటారని. గమనించారా, రెండూ ప్రయాణాల మాటలే. ఊళ్ళోనే ఉండిపోయేవాడికి ఆ మాటతో పని లేదు.

1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్‌ని కమ్మేసిన పొగమంచు గురించి మీరు వినే ఉంటారు. ఒపేరా చూడ్డానికి వచ్చినవాళ్ళకి స్టేజీ కనపడక ఆట ఆపేశారు, పశువుల ప్రదర్శనకి తెచ్చిన ఎడ్లు ఊపిరాడక చచ్చిపోయాయి. అప్పటి లెక్క ప్రకారం నాలుగు వేల మంది, తర్వాతి పరిశోధకుల అంచనాల్లో పన్నెండు వేల దాకా మనుషులు పోయారు. 1956లో వాయు శుద్ధి చట్టం దాని ఫలితమే. చాలామంది ‘బిగ్ స్మోక్’ పేరు ఆ ఘోరం నుంచి వచ్చిందని రాస్తుంటారు. పైన చెప్పిన నిఘంటువే దానికి జవాబు, పేరు అప్పటికే దాదాపు తొంభై ఏళ్ళ పాతది. ‘స్మాగ్’ అనే మాట కూడా 1952ది కాదు. పొగనీ మంచునీ కలిపి 1905లో డెవో అనే డాక్టరు వాడింది.

ఇంకో సంగతి. ఆస్ట్రేలియాలో ఏ పెద్ద నగరాన్నయినా ‘బిగ్ స్మోక్’ అంటారు, కెనడాలో టొరాంటోకీ ఆ పేరుంది. అక్కడ మాట అర్థం ‘పొగ’ నుంచి జారి ‘పట్నం’ అయిపోయింది. ఆ ఊళ్ళ పాత గాలి ఎలా ఉండేదో ఈ పేర్లని బట్టి తేల్చకండి, సగం అరువు సొమ్ము.

పిట్స్‌బర్గ్ మాత్రం అరువు తెచ్చుకోలేదు, సొంత పొగే. మూడు నదులు కలిసే లోయ, పక్క కొండలోనే బొగ్గు, నదుల వెంట ఇనుము, ఉక్కు, గాజు కొలుములు. ‘స్మోకీ సిటీ’ అని పేరు. ‘మూత తీసిన నరకం’ అని ఇంకో మాట కూడా అందరూ ఎత్తి రాస్తారు. అది 1868లో జేమ్స్ పార్టన్ అనే రచయిత పత్రికలో రాసింది. ఎవర్నడిగినా తిట్టనే అంటారు. అసలు వాక్యం చూస్తే అది పొగడ్త. నయాగరా అంత గొప్ప దృశ్యం చూడాలనుకుంటే పిట్స్‌బర్గ్‌లో ఫలానా కొండెక్కి రాత్రిపూట కిందకి తొంగిచూడండి, మూత తీసిన నరకం కనిపిస్తుంది అన్నాడాయన. ఇక్కడా అదే కథ. కొండెక్కి పైనుంచి చూసిన పైవూరి మనిషి. కింద కొలిమి దగ్గర నిలబడ్డవాడిని అడిగితే నయాగరాతో పోల్చేవాడు కాదు.

1940లలో ఆ ఊళ్ళో పట్టపగలు వీధి దీపాలు వెలిగించిన ఫోటోలు ఇప్పటికీ దొరుకుతాయి. ఆఫీసుకి పోయేవాళ్ళు మధ్యాహ్నం మార్చుకోవడానికి ఇంకో తెల్ల చొక్కా పట్టుకెళ్ళేవాళ్ళు. 1941లో పొగ మీద చట్టం చేశారు గానీ యుద్ధం రావడంతో పక్కన పెట్టి, మేయర్ డేవిడ్ లారెన్స్ వచ్చాక 1946, 47లలో గట్టిగా అమలు చేశారు. ఇళ్ళకి సహజవాయువు, రైళ్ళకి డీజిల్ వచ్చాయి, ఆకాశం కనపడింది. మన తెలుగువాళ్ళకి పిట్స్‌బర్గ్ అంటే పెన్ హిల్స్‌లోని వెంకన్న గుడి. కొండవాలు మీద తెల్లగా మెరిసిపోతూ ఉంటుంది. 1970లలో కట్టారు కాబట్టి సరిపోయింది. ముప్పై ఏళ్ళ ముందు కట్టి ఉంటే ఒక్క చలికాలానికే గోపురం మసిబారిపోయేది. నేను దర్శనానికి వెళ్ళినప్పుడు లైన్లో నిలబడి దేవుడి మీద కాకుండా దీనిమీద ధ్యాస పెట్టినందుకు మా ఆవిడ చీవాట్లు పెట్టింది.

ఇక్కడే మీ రెండో ప్రశ్నలో అసలు ముడి ఉంది. ఎడిన్‌బరో ఆ పేరు ఉంచుకుంది, పిట్స్‌బర్గ్ వదిలించుకుంది. ఇప్పుడు పిట్స్‌బర్గ్‌ని ‘స్టీల్ సిటీ’ అంటారు, ‘స్మోకీ సిటీ’ అనేవాళ్ళు తక్కువ. ఎందుకంటే పిట్స్‌బర్గ్ పెద్దలు పొగ పోవడాన్నే ఊరికి కొత్త పుట్టుకగా ప్రచారం చేసుకున్నారు, పాత పేరు అడ్డమైంది. పైగా అక్కడ పొగ ఫ్యాక్టరీలది, యజమానులది. ఎడిన్‌బరో పొగ వంటింటిది.

ఈ తేడా చిన్నది కాదు. స్కాట్లండ్‌లో కొత్త సంవత్సరం రాత్రి ఇచ్చే దీవెన ఒకటుంది, ‘లాంగ్ మే యర్ లమ్ రీక్’ అని. నీ ఇంటి పొగగొట్టం కలకాలం పొగ వదలాలి అని అర్థం. మా వియ్యంకుడు గారు అది విని ‘ఇదేం దీవెనండీ, శాపంలా ఉంది’ అన్నారు. ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అంటాం కదా మనం, దానికి తిరగేసిన మాట ఇది అన్నాను. పొయ్యి వెలిగితే తిండి ఉన్నట్టు, పొగ వస్తే ఇంట్లో మనుషులున్నట్టు. ఆ భాషలో పొగ అంటే తిట్టు ఎలా అవుతుంది? దీవెనలో ఉన్న ‘రీక్’, ఊరి పేరులో ఉన్న ‘రీక్’ ఒకటే.

ఫ్యాక్టరీ పొగని కూడా గర్వంగా చెప్పుకున్న ఊళ్ళు ఉన్నాయి. జపాన్‌లోని ఒసాకా కాలవల ఊరు, ‘నీటి రాజధాని’ అని పాత పేరు. నూలు మిల్లులు, కర్మాగారాలు వచ్చాక ‘పొగ రాజధాని’ అనిపించుకుంది, అదీ గొప్పగా. ఇంకా దక్షిణాన యవాటాలో 1901లో ప్రభుత్వ ఉక్కు ఫ్యాక్టరీ మొదలైంది. అక్కడి ఆకాశాన్ని ‘ఏడు రంగుల పొగ’ అని మురిసిపోయేవాళ్ళు. ఆ మురిపెం దించింది బట్టలుతికే ఆడవాళ్ళు. ఆరేసిన బట్టలు మసిబారుతుంటే పక్కనే ఉన్న తొబాటా మహిళా సంఘాల వాళ్ళు 1960లలో ‘మాకు నీలాకాశం కావాలి’ అని లేచారు. పేరు పెట్టింది దూరం నుంచి చూసినవాళ్ళయితే, పొగని కొలిచింది దండెం దగ్గర నిలబడ్డవాళ్ళు.

ఇంగ్లండులో ‘బ్లాక్ కంట్రీ’ గురించి కూడా ఒక మాట. బర్మింగ్‌హామ్ పడమటి పక్కన డడ్లీ, వాల్సాల్ ప్రాంతం. పొగమసి వల్ల ఆ పేరని కొందరు, నేలలో పైపైనే ఉన్న మందపాటి బొగ్గు పొర వల్ల అని కొందరు. ఆ తగువు తెగలేదు. 1868లో అక్కడి అమెరికా కాన్సుల్ ఎలిహూ బరిట్ ‘పగలు నలుపు, రాత్రి ఎరుపు’ అని వర్ణించాడు (మళ్ళీ బయటివాడే). 2012లో ఆ ప్రాంతం తనకో జెండా చేసుకుంటే ఆ నలుపూ ఎరుపూ అందులో చేరాయి, మధ్యలో గొలుసు. ఆ ఊరివాళ్ళని మాత్రం బర్మింగ్‌హామ్ వాళ్ళు అనకండి, కోపం వస్తుంది.

చివర్లో మీరు అడిగారు, మన విశాఖకో ఢిల్లీకో రేపు ఇలాంటి ముద్దుపేరు వస్తుందా అని. వచ్చే అవకాశం తక్కువ అంటాను. కారణం సాంకేతికమైనది. పాత పొగ నల్లగా ఉండేది, ఎందుకంటే బొగ్గు సగం కాలి సగం మసిగా పైకి పోయేది. దాన్ని కంటితోనే కొలిచేవాళ్ళు. 1888లో రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి ప్రొఫెసర్ ఒక అట్ట తయారుచేశాడు. తెలుపు నుంచి నలుపు దాకా 0 నుంచి 5 వరకూ గళ్ళు, చిమ్నీ పొగ ఏ గడికి సరిపోలితే అది దాని నంబరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ అట్ట మా ఆఫీసు గోడకి వేలాడేది. ఇప్పటి ప్లాంట్లలో ఈఎస్‌పీలు (పొగలోని బూడిదని కరెంటుతో లాగి పట్టే యంత్రాలు) బూడిదలో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళకి పైగా పట్టేస్తాయి. మిగిలిన గంధకపు వాయువు కంటికి కనపడదు, సన్నటి ధూళి విడిగా ఒక రేణువుగా కనపడదు. జనం వేలు చూపించి ‘అబ్బో ఎంత పొగో’ అనేది కూలింగ్ టవర్ల మీది తెల్లటి ఆవిరిని. అది నీళ్ళు. ఈ మాట ఎన్ని పెళ్ళిళ్ళలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, ఎవరూ నమ్మలేదు.

విశాఖకి ఒక పక్క యారాడ కొండ, ఇంకో పక్క కైలాసగిరి, సింహాచలం కొండలు. మధ్యలో పళ్ళెంలాంటి నేల, అందులోనే ఓడరేవు, ఫ్యాక్టరీలు. ఇన్‌వర్షన్ నిలబడ్డానికి ఎడిన్‌బరో కన్నా అనువైన చోటు. వన్ టౌన్‌లో బాల్కనీ గచ్చు తుడిస్తే గుడ్డకి అంటుకునే నల్లటి బొగ్గుధూళి గురించి అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. అయినా ఊరిని చూడవచ్చినవాడు కైలాసగిరి ఎక్కి సముద్రం వైపు తిరిగి ఫోటో దిగుతాడు, రేవు వైపు కాదు. పేరేమో ‘సిటీ ఆఫ్ డెస్టినీ’. ఢిల్లీని 2015లో అక్కడి హైకోర్టే ‘గ్యాస్ ఛాంబర్’లో ఉన్నట్టుందని అంది, ఆ మాట పేపర్లలో ప్రతి చలికాలం వస్తుంది. కానీ ఎవరూ ‘గ్యాస్ ఛాంబర్‌కి పోతున్నా, ఏమైనా తేవాలా’ అనరు. ఊరి పేరు కావాలంటే అలా అనాలి.

మీరు మళ్ళీ ఎడిన్‌బరో వెళ్తే రెండు పనులు చెయ్యండి. వేవర్లీ స్టేషన్ పక్కనే స్కాట్ స్మారకం ఉంటుంది, 1840లలో కట్టిన రెండు వందల అడుగుల గోపురం. కాటుక పూసినట్టు నల్లగా ఉంటుంది. దానికి వాడిన బిన్నీ రాయిలో నూనె గుణం ఉండడంతో మసి బాగా పట్టేసింది. 1990లలో కడుగుదామని చూశారు గానీ రాయి దెబ్బతింటుందని వదిలేశారు. ఆ నలుపు రైళ్ళదీ, ఇళ్ళదీ. తర్వాత అదే స్టేషన్లో రైలెక్కి ఫోర్త్ వంతెన దాటి కింగ్‌హార్న్‌లో దిగండి, ముప్పావు గంట ప్రయాణం. ఒడ్డున నిలబడి సాయంత్రం వెనక్కి చూస్తే నీళ్ళకి అవతల కోట, వెన్నుగట్టు కనపడతాయి. మా అల్లుడు, నేను జనవరిలో వెళ్ళి గడ్డకట్టుకుపోతూ ముప్పావు గంట నిలబడ్డాం. దీపాలు వెలిగాయి గానీ నిద్రటోపీ ఏమీ రాలేదు. స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని వెళ్ళండి, ఆ గాలి మామూలుది కాదు.